నలభై ఏడో పోగు

లానియోన్‌లో తెల్లవారడం అంటే ముందు పొగమంచు,
తర్వాత రెండో కాఫీ,
ఆ తర్వాతే మిట్ట మీద మా షెడ్డు.
గుల్వెన్ అప్పటికే లేత్ ముందు నిలబడి ఉంటాడు.
గాజుగొట్టం తన చుట్టూ తాను తిరుగుతుంటే
కింద హైడ్రోజన్ మంట ఆ చివర్నుంచి ఈ చివరికి
తీరిగ్గా నడిచి, మళ్లీ మొదటికి వస్తుంది.
లోపలి గోడకి మసి పడుతుంది, తెల్లగా.
మసి తెల్లగా కూడా ఉంటుందని
ఈ ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలీదు.

తెల్లమసి ఇంకా గాజు కాదు. అదను అదే.
ఇటర్బియం కరిగించిన నీళ్లు గొట్టంలో పోసి
గంటసేపు నాననివ్వాలి, గింజలు నానేసినట్టు.
ఆ నీళ్లలోనే కాస్త అల్యూమినియం.
అదెందుకని చేరిన కొత్తలో అడిగితే గుల్వెన్ అన్నాడు:
"ఒకచోట చేరితే అల్లరిచేసే పిల్లల మధ్య
పెళ్లిలో ఒక మేనత్తని కూర్చోబెడతాం చూడు, అందుకు."

ఆరబెట్టి, కాల్చి, లోపలి బోలు పూడేదాకా వేడిచేస్తే
గొట్టం కడ్డీ అవుతుంది.
వేలంత లావు, మూరెడు పొడవు.
దాన్ని టవరు కొసన, కొలిమిలో వేలాడదీస్తే
చాలాసేపు ఏమీ జరగదు.
అందరం మెడలు పైకెత్తి చూస్తుంటాం.
అప్పుడొక బొట్టు
జారదామా వద్దా అని జారి,
తన వెనకే ఒక పోగుని లాక్కుంటూ దిగుతుంది.
అజెనోర్ బొట్టుని తుంచేసి పోగుని చక్రానికి అందిస్తుంది.
మూరెడు కడ్డీలో నాలుగు కిలోమీటర్లు!
సాయంత్రానికి ఒక కండె.

నా పని అక్కణ్ణుంచి.
పోగులోకి వెలుగు పంపి, అవతల ఎంత చేరిందో రాసుకుని,
రెండు మీటర్లు ఉంచి మిగతాది కోసేసి
మళ్లీ కొలవడం.
కోయకుండా కొలిచే ఉపాయం నాకెవరూ చెప్పలేదు.

నలభై ఏడోది సోమవారం ఇరవై వాట్లిచ్చింది.
బుధవారం పదిహేడు.
శుక్రవారం రాత్రి పదకొండు.
దుమ్ము చూశాను, అతుకు చూశాను, అద్దాలు తుడిచాను.
దుమ్ము కాదు. అతుకు కాదు.
తను మోసే వెలుగుకే లోపల నల్లబడుతోంది.

గదిలో లైటు తీసేశాను.
మేం పంపేది కంటికి కనబడని వెలుగు,
వచ్చేదీ కనబడనిదే.
కానీ చుట్ట పొడవునా ఏదో మినుకుమంటోంది,
నీలమా అంటే పచ్చ, పచ్చా అంటే నీలం.
మా నాయనమ్మ బ్రెతాన్ భాషలో ఆ రెంటికీ ఒకటే మాట, గ్లాజ్.
సముద్రానికీ అదే, తడిసిన పలకరాయికీ అదే.
ఇద్దరు పక్కపక్కన చేరితే తప్ప రాని రంగు అది.
పిల్లలు ఒకచోట చేరారు.
మేనత్త రాలేదు.

ఎంత అందంగా ఉందో చెప్పడానికి సిగ్గేసి
లైటు వేసి లాగ్‌బుక్ తీశాను.
గుల్వెన్‌ది కోడి కెలికిన రాత.
అల్యూమినియం గడిలో అంకె మాత్రం
బడిపిల్లాడి చూచిరాతలా గుండ్రంగా ఉంది.

సోమవారం పొద్దున ఆ పేజీ అతని ముందు పెట్టాను.
అతను మంట తగ్గించాడు, ఆర్పలేదు.
"సీసా అడుగంటింది.
కొత్తది రావడానికి మూడు వారాలన్నారు.
ఉన్నది పోశాను, సరిపోతుందనుకున్నాను."
నేను ఆ అంకె పక్కన పెన్సిలుతో 'సగం' అని రాశాను.
అతను జేబులోంచి పెన్ను తీసి
నా పెన్సిలు రాత మీద సిరాతో దిద్దాడు.
కింద సంతకం, ఈసారి తన రాతలోనే.
తర్వాత మంట పెంచాడు.
నలభై ఎనిమిదోది మొదలయింది.

రాత్రి ఇంట్లో ఆపిల్ చెక్కు తీస్తుంటే
బొటనవేల్లో ఏదో చురుక్కుమంది.
దీపం కింద పెట్టి చూశాను, వంచి చూశాను,
ఏమీ కనబడలేదు.
కోసిన వాటిలో ఒక తునక, ఏ నంబరుదో.
సూదితో కాసేపు వెతికి
వదిలేశాను.
ఆపిల్ ఎడమచేత్తో తిన్నాను.